కలివికోడి

శిశిరము గడచుచున్నది, బూరుగులు పూచినవి. మా దుత్తలూరి జొన్నచేలపై గులాబివన్నె గోరింకలు గుంపులుగా వ్రాలుచున్నవి. మధ్యాసియానుండి వచ్చిన యీ చుట్టములు ఎండలు ముదిరిన మరలిపోవును. వానిని జూచి మురియు మనము ఇంటిబిడ్డ నొకదానిని మరచితిమి. అదియే కలివికోడి.

నెల్లూరిలో వైద్యుడుగా నుండిన జెర్డను దొర యీ జిల్లా పడమటి కొండలయందును కడపసీమయందును దీనిని కనుగొనగా, 1848లో శాస్త్రజ్ఞులు పేరిడిరి. రొమ్మున రెండు పట్టెలుగల యీ పక్షి రాత్రులందు సంచరించును. 1900 తరువాత కానరాకపోవుటచే నశించిన దనుకొనిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లెయొద్ద నొక వేటగాని దీపపు వెలుగునకు చిక్కెను.

ముండ్లపొదలును వాని నడుమనుండు బయలును దీని నెలవు. పొదలు కొట్టివేసిన దీనికి దాగ చోటులేదు. మా వాకిటికి వంటచెరకుగా వచ్చునదియు ఆ కంపయే. మొన్న మోపు తెచ్చిన యామెతో మొదలంట కొట్టవలదంటిని. "పొద కొట్టకపోతే పొయ్యెట్టా మండుద్దమ్మా?" అని యామె యడిగెను. నాకు వెంటనే యుత్తరము తోపలేదు. కొమ్మలు మాత్రమే కొట్టి తెచ్చిన మోపునకు పదిరూపాయ లెక్కువ యిత్తునంటిని. ఆమె నవ్వి యొప్పుకొనెను. మీ వాకిట మోపు దిగినపుడు మీరును అడిగి చూడుడు.