గోడ మెత్తితే పని కాదా?

"ఆడవాళ్లకి ఇంటి రిపేర్లేం తెలుసు" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా భద్రాచలం చుట్టుపక్కల కోయగూడేలకి వెళ్లి చూడండి. మట్టిగోడ మెత్తేది, అలికేది, బీట పూడ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. అదే మగవాడు తాపీ పడితే మేస్త్రీ, రోజుకింతని కూలి. మనం చేత్తో మెత్తితే ఇంటిపని, కూలీ లేదు, పేరూ లేదు. ఇదెక్కడి లెక్కండీ?

2022 జూలై 16న ఇక్కడ గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! అలాంటి వరద తీశాక, నానిన మట్టిగోడకి వెంటనే సిమెంటు పూయించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. గోడ తాగిన నీళ్లు బయటికి పోవాలి. సిమెంటు ఆ తేమని లోపలే ఆపేస్తుంది. లోపల మట్టి వదులై, పైపూత పెచ్చులుగా ఊడుతుంది. ముందు గోడని బాగా ఆరనివ్వండి. తర్వాత గడ్డిముక్కలు కలిపి, నానబెట్టి తొక్కిన మట్టితో పూడ్చండి. గడ్డి ఉంటే ఆరేటప్పుడు బీటలు తగ్గుతాయి. మన అమ్మమ్మలకి ఇదంతా తెలుసు. దాన్ని చదువని ఎవరూ అనలేదు, అంతే.

అన్నీ మనమే చేసేద్దామనట్లేదు. తడిసిన స్విచ్‌బోర్డు జోలికి పోవద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గోడ ఒరిగితే మేస్త్రీని పిలవండి. కానీ పక్కనే నిలబడి ఏం చేస్తున్నాడో, ఎందుకో అడగండి. "నీకెందుకమ్మా" అంటే, "రేపు ఈ గోడ కింద పడుకునేది నేనూ నా పిల్లలూ" అని చెప్పండి.