కారు కిందికి దించాలా?

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, నేను "చదువు విలువ" అనో "క్రమశిక్షణ" అనో రాస్తాననుకున్నారు. వాటి మీద మన సంచికలో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను కారు గురించి రాస్తున్నాను. హాస్టల్లో చదివినవాడికి కారు మీద వ్యాసమేమిటని నవ్వకండి. నేనున్నప్పుడు మా గదిలో పన్నెండు ట్రంకు పెట్టెలుండేవి. తొమ్మిదింటి మూతల లోపల కారు బొమ్మలో బైకు బొమ్మలో అంటించి ఉండేవి. మిగతా మూడింటిలో సినిమా హీరోలు, వాళ్ళు కూడా కారుకు ఆనుకొనే నిలబడేవారు. పైగా మన పూర్వ విద్యార్థుల్లో సొంత కారున్నవాళ్ళు తక్కువే గానీ, కారు నడిపి బతికేవాళ్ళు, షెడ్డుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాబట్టి ఇది మన విషయమే.

స్పీడుగా పోయే కారు కొన్నవాడికి కొన్నాళ్ళకు బండిని నేలకు దగ్గరగా దించాలనే కోరిక పుడుతుంది. స్ప్రింగులు మార్చో, కోసో, అంగుళంన్నర రెండంగుళాలు దింపుతారు. చూడటానికి దూకబోతున్న పులిలా ఉంటుంది. మలుపుల్లో రోడ్డును వదలదని కూడా అంటారు. మన రోడ్ల మీద ఆ పని వద్దని నా అభిప్రాయం. ఎందుకో చెప్పే ముందు ఒకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు దించమని చెప్పినవాణ్ణి కూడా నేనే.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్నయ్య, గల్ఫ్‌లో ఏడేళ్ళు వెల్డరుగా పనిచేసి వచ్చి సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ కొన్నాడు. వాళ్ళది మందస మండలంలో సముద్రం వైపు ఊరు. కారు కొనడానికి కారణాలు రెండు. అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ కారంటే పిచ్చి. రెండోది, మా పెద్దమ్మకు వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఈ సంచిక చదివేవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. మన ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. దాంతో మా పెద్దమ్మకు విశాఖ ప్రయాణం తప్పింది గానీ పలాస ప్రయాణం తప్పలేదు.

2024 వేసవి సెలవులకు నేను వెళ్ళినప్పుడు అన్నయ్య అడిగాడు. "ఒరే తమ్ముడూ, నువ్వు ఎమ్మెస్సీ ఫిజిక్సు సదువుతున్నావు గదా. అంగుళంన్నర దింపితే ఏటైనా అవుద్దేటి?" వాకిట్లో ఉన్న అందరూ నా మొహం చూశారు. మా ఇళ్ళల్లో డిగ్రీ చేసిన మొదటివాణ్ణి నేనే. బ్యాంకు కాగితమైనా, మందుల చీటీ అయినా నా చేతికే వస్తుంది, నేనేం చెబితే అది పుస్తకంలో ఉన్నట్టే లెక్క. తెలీదు అనడం నాకు అప్పటికి అలవాటు కాలేదు. "గరిమనాభి కిందికి వస్తే స్థిరత్వం పెరుగుతుంది, మంచిదే" అనేశాను. వారం తిరక్కుండా ఒక షెడ్డులో స్ప్రింగులు కోయించేశాడు.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. వెయ్యి కిలోల కారు, గరిమనాభి ఎత్తు 55 సెంటీమీటర్లు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల మీది బరువులో సుమారు 183 కిలోలు బయటి చక్రాల మీదికి మారుతుంది. కారును 4 సెంటీమీటర్లు దింపితే అది 170 కిలోలవుతుంది. తేడా 13 కిలోలు, అంటే ఏడు శాతం. పందెంలో ఏడు శాతానికి చాలా విలువుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఆ కార్లు నేలను రాసుకుంటున్నట్టే పోయాయి. కానీ ఆ దారిలో గేదెలు లేవు, ఎండబోసిన జీడిపిక్కలు లేవు, స్పీడు బ్రేకర్లు లేవు.

మా పెద్దమ్మ వాళ్ళ ఊరి నుంచి హైవే ఎక్కే లోపల పదకొండు స్పీడు బ్రేకర్లున్నాయి. తర్వాత టేపు పట్టుకొని నేనే కొలిచాను. ఈ లెక్క ముందే వేసి ఉండాల్సింది. స్విఫ్ట్ పొట్టకూ నేలకూ మధ్య ఎత్తు సుమారు 170 మిల్లీమీటర్లు. అందులో 40 కోసేశాం, 130 మిగిలింది. ఐదుగురు ఎక్కితే మరో 35 దిగింది. మిగిలినవి 95. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఆ వెడల్పులోనే కిటుకుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం సుమారు 2.4 మీటర్లు. కారు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు నాలుగు చక్రాలూ ఆ గట్టు మీదే ఉంటాయి కనుక పొట్టకు తగలదు. మన ఊళ్ళలో అలా కాదు. ఎవరో పిల్లాణ్ణి బండి గుద్దితే మర్నాడే సిమెంటు కలిపి పోసేస్తారు (వాళ్ళని తప్పు పట్టలేం). దాని వెడల్పు అడుగున్నర, ఎత్తు చేతికొచ్చినంత. ముందు చక్రాలు దిగిపోయి వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు గట్టు మొత్తం ఇంజను వెనకే ఉంటుంది. నేను కొలిచిన వాటిలో పెద్దది 13 సెంటీమీటర్లు.

స్ప్రింగు కోయడంలో ఇంకో మోసముంది. ఎనిమిది చుట్ల స్ప్రింగులో రెండు కోస్తే అది పొట్టిదవడమే కాదు, మూడో వంతు గట్టిపడుతుంది. షాక్ అబ్సార్బరు పాత స్ప్రింగుకు సరిపడా చేసినది. కొత్త గట్టిదనాన్ని అది ఆపలేదు. చక్రం గోతిలోకి జారినప్పుడు పొట్టి స్ప్రింగు తన గిన్నెలోంచి తప్పుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇదంతా పెద్దమ్మకు మాకంటే ముందే తెలిసింది. కారు దించిన రోజు నుంచీ ఆవిడ వెనక సీట్లో వెనక్కి వాలి కూర్చోవడం మానేసింది. ఫిస్టులా ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, రెండో చెయ్యి ముందు సీటుకు ఆనించి, ప్రతి గతుక్కీ ముందుగానే బిగుసుకునేది. నీరసం వల్ల అనుకున్నాం. ఒక సాయంత్రం నాలుగు గంటల డయాలసిస్ అయ్యాక తిరిగి వస్తుంటే, ఊరి రోడ్డు మీద ఆరో గట్టు దగ్గర ఇంజను ఛాంబరు పగిలింది. ఆయిలంతా రోడ్డు పాలు. కాళ్ళు కొంకర్లు పోతుంటే ఆవిడ ఆ సీట్లోనే గంటన్నర కూర్చుంది, షేర్ ఆటో దొరికే దాకా. అన్నయ్యను గానీ నన్ను గానీ ఒక్క మాట అనలేదు. ఆటో ఎక్కుతూ "ఇదే నయం బాబూ" అంది. కారులో ఎవరు కూర్చుంటారని ఆ వేసవిలో నేను అడగనే లేదు.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్ళున్నారు. స్ప్రింగులు కోయకుండా, వాటికి తగిన షాక్ అబ్సార్బర్లతో కలిపి అమ్మే సెట్ వేసి, రెండు సెంటీమీటర్లే దించితే తప్పేమిటని విశాఖలో ఉద్యోగం చేస్తున్న మన సీనియర్ ఒకాయన అడిగారు. ఇంజనీరింగు పరంగా తప్పులేదు, ఒంటరిగా హైవే మీద తిరిగేవాడికి సరిపోవచ్చు. ఉద్దానం లోపలి ఊళ్ళకు ఆ రెండు సెంటీమీటర్లు కూడా దండగే. చట్టం సంగతి కూడా చూసుకోవాలి. "ఎత్తు ఆర్.సి. పుస్తకంలో ఉండదు, ఎవడడుగుతాడు?" అని మెకానిక్ అన్నాడట. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కింద కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే నిబంధన వచ్చింది.

"మనలాంటివాళ్ళకు ఈ సోకులెందుకు" అనే పెద్దల మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఏడేళ్ళు ఎండలో ఇనుము అతికినవాడికి అందమైన బండి కావాలనిపిస్తే అందులో సిగ్గుపడాల్సింది లేదు. నా తగాదా కోరికతో కాదు. డబ్బుంటే మంచి టైర్లు వేయండి, బ్రేకు ప్యాడ్లు మార్చండి, షాక్ అబ్సార్బర్లు కారుతున్నాయేమో చూపించండి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. టెక్కలి దగ్గర గ్రానైటు లారీ మెల్లగా హైవే ఎక్కుతున్నప్పుడు మిమ్మల్ని కాపాడేది బ్రేకులే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత మా రోడ్ల మీద కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ పడి ఉంటే, ఆ రోజుల్లో ఊళ్ళోకి వచ్చినవి ట్రాక్టర్లు. బైకులు దించుకునే తమ్ముళ్ళకూ ఇదే మాట. స్టాండు నేలకు రాసుకుంటే మలుపులో పడేది మీరే.

అన్నయ్య ఛాంబరు వేయించి, కొత్త స్ప్రింగులూ షాక్ అబ్సార్బర్లూ కొన్నాడు. రెండు నెలల చిట్టీ డబ్బు పోయింది. కోసిన స్ప్రింగులు పశువుల శాలలో గూటానికి వేలాడుతున్నాయి. పెద్దమ్మ మళ్ళీ వెనక్కి వాలి కూర్చుంటోంది. మొన్న సంక్రాంతికి అన్నయ్య ఇంకో ప్రశ్న అడిగాడు, వెడల్పు టైర్లు వేస్తే ఏటైనా అవుద్దా అని. నాకు తెలీదన్నాను. వచ్చేవారం టేపు పట్టుకొని వస్తాననీ, పెద్దమ్మను కూడా ఒకసారి ఎక్కించుకొని తిరిగాక చెబుతాననీ అన్నాను.

– పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (భౌతిక శాస్త్రం)