మాచర్ల రోడ్డుకు ఎంత ఎత్తు కారు కావాలి?

పాత డిజైర్‌నో ఐ20నో ఇచ్చేసి చార్జింగ్ బండికి మారదామనుకునే పల్నాడు కుటుంబానికి ఇవాళ నాలుగు వైపుల నుంచీ ఒకటే సలహా. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు ఎస్‌యూవీ తీసుకోమంటాడు. డాలస్ నుంచి వీడియో కాల్‌లో కొడుకూ అదే అంటాడు, తను నడిపేది మోడల్ వై మరి. వీధి చివర టైర్ల షాపాయనదీ అదే మాట. అందరూ చెప్పే కారణం కూడా ఒకటే: మన రోడ్లకు సెడాన్ ఆగదు, కింద తగులుద్ది. ఈ సలహాలో సగం నిజం. తక్కిన సగానికి మాత్రం ఖరీదు ఎక్కువ. పెట్రోలు కారైతే ఆ ఖరీదు కంటికి ఆనదు. కరెంటు కారైతే దారి మధ్యలో కిలోమీటర్ల లెక్కలో తెలిసిపోతుంది. పల్నాడులో ఎక్కువ కుటుంబాలకు కావలసింది పొట్ట నేలకు కాస్త ఎడంగా ఉండే పొట్టి కారు. ఎత్తు కారు నిజంగా అవసరమైన వాళ్లు చాలా తక్కువ. ఎందుకో చెబుతాను.

ముందు ట్యాంకు సంగతి. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. నెక్సాన్ ఈవీలో వచ్చే పెద్ద బ్యాటరీ 45 యూనిట్లది. అంటే ఆ కారు మోసుకెళ్లే శక్తి మొత్తం కలిపి ఐదు లీటర్ల పెట్రోలుపాటిది. ఆ కాస్త శక్తితోనే కాగితం మీద 489 కిలోమీటర్లు, కంపెనీ చెప్పే రోడ్డు లెక్కలో 350 పైచిలుకు కిలోమీటర్లు పోతోందంటే అదంతా మోటారు గొప్పతనం. ఇంజన్ తాగిన పెట్రోలులో ఎక్కువ భాగాన్ని వేడి రూపంలో పారబోస్తుంది. మోటారు అంత వృథా చేయదు. అది చేయదు కాబట్టే తక్కిన ఖర్చులు పైకి తేలతాయి: గాలిని తోసుకుపోవడానికయ్యేది, బరువును ఈడ్చడానికయ్యేది, ఏసీకయ్యేది. పెట్రోలు కారు ఎత్తు పెరిగి మరో లీటరు తాగితే పక్క బంకులో పోయించుకుంటాం, నిమిషాల్లో మరిచిపోతాం. కరెంటు కారులో అదే ఎత్తు తర్వాతి చార్జర్ దాకా చేరతామా లేదా అన్నది తేలుస్తుంది.

దీనికి మంచి రుజువు హ్యుందాయ్ కంపెనీయే ఇచ్చింది. అమెరికాలో ఆ కంపెనీ అమ్మిన అయోనిక్ 5, అయోనిక్ 6 ఒకే అడుగుభాగం మీద కట్టిన కార్లు. 2023 మోడళ్లలో రెండింటికీ 77.4 యూనిట్ల బ్యాటరీ దొరికేది. వెనక చక్రాలను తిప్పే మోటారు బలమూ సమానమే. మొదటిది ఎత్తుగా, నిటారుగా ఉంటుంది. రెండోది వీపు వెనక్కి వాలిన సెడాన్. అక్కడి పర్యావరణ సంస్థ పరీక్షలో మొదటిది 303 మైళ్లు, రెండోది 361 మైళ్లు పోయాయి. మన లెక్కలో 488, 581 కిలోమీటర్లు. చక్రాల సైజులో ఉన్న చిన్న తేడాను పక్కన పెట్టినా, ప్రధానంగా ఆకారమే 90 కిలోమీటర్లు మిగిల్చింది. నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లి రావడానికి సరిపోయే దూరమిది, అదనంగా ఒక్క యూనిట్ ఎక్కించకుండా. కంపెనీలకు ఇది తెలియక కాదు. టాటా కర్వ్‌కీ మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈకీ పైకప్పు వెనక్కి వాల్చడానికి అందం ఒక కారణమైతే గాలి ఇంకో కారణం.

అయితే ఈ లాభం అన్ని రోడ్ల మీదా ఒకేలా రాదు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 60లో ఉన్నదానికి 100లో రెండున్నర రెట్లు దాటిపోతుంది. గురజాల నుంచి రెంటచింతల మీదుగా మాచర్ల పోయేటప్పుడు 60 పైన ఎంతసేపు నడుపుతాం? ముందు పత్తి ట్రాక్టరు, ఎదురుగా నాపరాళ్ల లారీ, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. ఆ దారిలో సెడాన్ ఆకారానికి దక్కేది నామమాత్రం. అక్కడ లెక్కకొచ్చేది బరువు, అందులోనూ బ్రేకు వేసినప్పుడు కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. కథ మారేది నార్కట్‌పల్లి రోడ్డు ఎక్కాక. పిడుగురాళ్ల దాటి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, మిర్యాలగూడ వైపు నాలుగు వరసల రోడ్డు మీద 100లో పోతుంటే ఖర్చులో సింహభాగం గాలిదే. చిలకలూరిపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కినా అంతే. పైగా హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఏటి ఒడ్డు నుంచి బయల్దేరిన బండి అంత ఎత్తూ ఎక్కాలి, బరువు ఎక్కువున్న బండి ఎక్కువ చెల్లించాలి. ఇక్కడే తమాషా. నెలనెలా హైదరాబాద్ తిరిగేవాళ్లకే సెడాన్ ఆకారం అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. లాంగ్ డ్రైవ్ పేరు చెప్పి అన్నిటికంటే ఎత్తు బండి కొనేదీ వాళ్లే.

ఇక ‘కింద తగులుద్ది’ అన్న మాట. దీన్ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు, అంకెలు పెట్టి చూద్దాం. డిజైర్‌కు నేల నుంచి ఎడం 163 మిల్లీమీటర్లు, హోండా సిటీకి 165. టిగోర్ ఈవీకి 172, నెక్సాన్ ఈవీకి 190. బీవైడీ వారి అటో 3 పేరుకు ఎస్‌యూవీ, దాని ఎడం 175. అంటే ఎస్‌యూవీ అనిపించుకునే బండికీ టిగోర్ సెడాన్‌కూ మధ్య తేడా 3 మిల్లీమీటర్లు! ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. దాని మీద ఈ కార్లేవీ తగలవు. తగిలేది ఊళ్లోవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు పోసి కట్టిన నిటారు గట్ల దగ్గర. అక్కడ కూడా డిజైర్ ట్యాక్సీలు ఇన్నేళ్లూ ఆగిపోలేదు. కోటప్పకొండ తిరనాళ్లకు జనాన్ని దింపి మళ్లీ నరసరావుపేటకు వస్తూనే ఉన్నాయి. ఇందులో సెడాన్ జాతికి అంటగట్టాల్సిన తప్పేమీ లేదు, ఏ సెడాన్ అన్నదే చూడాలి. బీవైడీ సీల్ ఎడం 145 మిల్లీమీటర్లే. చక్రాల మధ్య దూరం దాదాపు మూడు మీటర్లు, కింద పరిచింది బ్యాటరీ. ఐదుగురు ఎక్కాక ఆ కారును మన పల్లె రోడ్ల మీద నడపమని నేను ఎవరికీ చెప్పను.

‘మరి పొలం దారి?’ అంటారు. నల్లరేగడి డొంకలో వానాకాలం పోవడానికి కావలసింది నాలుగు చక్రాలకూ అందే బలం, దానికి తగ్గ టైర్లు. మన దగ్గర అమ్ముడయ్యే కరెంటు ఎస్‌యూవీల్లో చాలా వాటికి తిరిగేది రెండు చక్రాలే, టైర్లు తారురోడ్డువే. హ్యారియర్ ఈవీలో ఖరీదైన రకంలాంటివి ఏవో కొన్ని మినహాయింపు. రేగడి బురదలో రెండు టన్నుల బండి తేలికపాటి బండి కంటే ముందే దిగబడుతుంది. చేలోకి బైకు మీద పోతారు, ట్రాక్టరు మీద పోతారు. కారు గట్టు మీదే ఆగుతుంది, అది ఏ ఆకారంలో ఉన్నా.

ఎస్‌యూవీ పక్షాన నేను ఒప్పుకునే వాదన ఒకటుంది, అది సీటు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సెడాన్‌లోకి ఒంగి కూర్చోవడం కష్టం, లేవడం ఇంకా కష్టం. కరెంటు సెడాన్‌లో ఇది ముదురుతుంది. బ్యాటరీ వల్ల కింద ఫ్లోరు పైకి లేస్తుంది, పైకప్పు మాత్రం కిందే ఉంటుంది. ఫలితంగా వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లు పైకి లేచి, తొడల కింద సీటు ఆనదు. ఇంట్లో అమ్మమ్మను నెలకోసారి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన కుటుంబం ఈ ఒక్క కారణంతో ఎస్‌యూవీ కొంటే తప్పు పట్టను. భద్రత కోసం ఎత్తు బండి అన్న వాదన మాత్రం నిలబడదు. 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. బండి లోపలివాళ్లను కాపాడేది దాని కట్టుబడి. ఎత్తైన బానెట్ బయట నడిచేవాళ్లకు ఎక్కువ ప్రాణాంతకమని అమెరికాలో బీమా సంస్థల రహదారి భద్రతా సంస్థ 2023లో తేల్చింది. బడి వదిలే వేళ ఊరి మధ్య నుంచి బండి నడిపేవాళ్లు ఈ సంగతీ చూసుకోవాలి.

సామాను విషయంలో అందరూ మరిచిపోయేది ఒకటి చెప్పాలి. ఎస్‌యూవీలో వెనక సామాను పెట్టే చోటూ మనుషులు కూర్చునే చోటూ ఒకే గది, మధ్యలో ఒక పల్చటి పలక. సెడాన్ డిక్కీ వేరే అర. మార్చిలో కల్లం నుంచి ఒక ఎండుమిర్చి టిక్కీని ఎస్‌యూవీ వెనకేసి, అద్దాలెత్తి, ఏసీ పెట్టుకుని గుంటూరు దాకా పోయి చూడండి. సత్తెనపల్లి రాకముందే వెనక సీట్లో దగ్గులు, తుమ్ములు మొదలవుతాయి. అద్దాలు దించితే ఏసీ దండగ. డిక్కీలో వేస్తే ఆ ఘాటు చాలావరకు అక్కడే ఉంటుంది. అయితే టిగోర్‌ను కరెంటుకు మార్చేటప్పుడు ఆ డిక్కీనే కోశారు. పెట్రోలు రకంలో 419 లీటర్లుండేది 316కు వచ్చింది. సెడాన్ కొనడానికున్న పెద్ద ఆకర్షణను కంపెనీయే చెడగొట్టుకుంది.

ఎండ గురించి రెంటచింతల ఉన్న జిల్లాలో వేరే చెప్పనక్కర్లేదు. ఏటా మే నెలలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ అంటూ పేపర్లో పడే పేరు అదేగా. టాటా, బీవైడీ వాడే ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేడికి బాగానే తట్టుకుంటాయి. వేడెక్కిన బ్యాటరీ స్పీడ్ చార్జర్ దగ్గర నెమ్మదిస్తుంది, అది ఏ ఆకారానికైనా తప్పదు. తేడా వచ్చేది లోపల చల్లబరచాల్సిన గాలి పరిమాణంలో, అద్దాల వెడల్పులో. నెత్తి మీద గాజు పైకప్పున్న కారును ఈ జిల్లాలో ఎవరైనా అదనపు డబ్బు పెట్టి ఎందుకు కొంటారో నాకైతే అర్థం కాదు. సెడాన్ సీల్‌కూ అదే గాజు కప్పు.

ఇంత చెప్పాక, ‘సరే, ఏ సెడాన్ కొనమంటారు?’ అని అడిగితే చిక్కొస్తుంది. ఈ దేశంలో కరెంటు కార్ల పెద్ద కొనుగోలు సెడాన్లతోనే మొదలైంది. 2017లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ పది వేల కార్లకు టెండరు పిలిస్తే టాటా టిగోర్, మహీంద్రా ఈ-వెరిటో ముందుకొచ్చాయి, రెండూ సెడాన్లే. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చాక గాలి ఎస్‌యూవీల వైపు తిరిగింది. టిగోర్ 26 యూనిట్ల బ్యాటరీ దగ్గరే ఉండిపోయింది. 2024 మార్చిలో సీల్ వచ్చింది, ధర 41 లక్షల నుంచి. పదమూడు లక్షల టిగోర్‌కూ 41 లక్షల సీల్‌కూ మధ్య, అంటే సరిగ్గా మధ్యతరగతి కొనే చోట, సెడాన్ గడి ఖాళీ. పెట్రోలు, డీజిల్ కార్లలో ప్రభుత్వం చాలా ఏళ్లు 4 మీటర్ల పొడవు, 1500 సీసీ ఇంజను, 170 మిల్లీమీటర్ల ఎడం దాటిన ఎస్‌యూవీ మీద ఎక్కువ పన్ను వేసింది. కరెంటు కారుకు ఏ ఆకారమైనా జీఎస్టీ 5 శాతమే. పొట్టి కారు తయారు చేయమని కంపెనీని ఒత్తిడి పెట్టేదేదీ లేదు. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో 65 శాతం ఎస్‌యూవీల వంటి యుటిలిటీ వాహనాలే అయినప్పుడు వాళ్లు మాత్రం ఎందుకు తెస్తారు? మన దగ్గర దానికి పరువు కూడా తోడైంది. తెల్ల స్కార్పియో దిగినవాడికి దక్కే నమస్కారం డిజైర్ దిగినవాడికి పల్నాడులో ఏనాడూ దక్కలేదు.

కాబట్టి ఇవాళ్టికి నేను చెప్పేది ఇదీ. ఎస్‌యూవీ కొనక తప్పకపోతే సెడాన్‌కు దగ్గరగా ఉన్నది కొనండి: చిన్నది, తేలికైనది, 45 యూనిట్ల అటూఇటూ బ్యాటరీ ఉన్నది. చక్రాలు చిన్నవి అడగండి, పైన క్యారియర్ బిగించొద్దు. నెక్సాన్ బరువు టన్నున్నర లోపు, హ్యారియర్ ఈవీది రెండు టన్నుల పైన. ఆ అదనపు బరువును ఏడాది పొడవునా పేట బజారులో ఈడ్చుకు తిరగాలి. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు మీద ఖాళీ అయిన 45 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పదిహేను గంటలకు పైనే పడుతుంది, 75 యూనిట్లదానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. ‘పెద్ద బ్యాటరీ అయితే మాచర్ల నుంచి హైదరాబాద్ వెళ్లి మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరిగి రావచ్చు కదా’ అంటే, రావచ్చు. రానూపోనూ సుమారు 340 కిలోమీటర్లు. వారానికోసారి అలా తిరిగే వ్యాపారికి ఆ డబ్బు దండగ కాదు. ఏడాదికి నాలుగుసార్లు పోయేవాళ్లు హైదరాబాద్‌లో భోజనం చేసే వేళకు చార్జింగ్ పెట్టుకుంటే చాలు. మీరు ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తారో షోరూమ్ కుర్రాడికి తెలియదు, డాలస్‌లో ఉన్న అబ్బాయికీ తెలియదు. మీ ఫాస్టాగ్ ఖాతాకు తెలుసు. గత పన్నెండు నెలల స్టేట్‌మెంట్ తీసి టోల్‌గేట్లు ఎన్నిసార్లు దాటారో లెక్కపెట్టండి, అడ్వాన్సు ఆ తర్వాత కట్టండి.