టవర్ హామ్లెట్స్ తీర్పు: గెలుపు తరువాతి పరీక్ష

2022 మే 5న ఇంగ్లాండులో జరిగిన స్థానిక సంస్థల ఎన్నికల్లో తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ బరో ప్రజలు ఇచ్చిన తీర్పు ప్రత్యేకంగా గమనించదగినది. అంతకు ఏడేళ్ల ముందు ఎన్నికల న్యాయస్థానం పదవి నుంచి తొలగించిన లుత్ఫుర్ రహ్మాన్‌నే ఓటర్లు మళ్లీ మేయరుగా ఎన్నుకున్నారు. రెండో ప్రాధాన్య ఓట్లను కలిపి లెక్కించాక ఆయనకు 40,804 ఓట్లు, అప్పటి మేయరు, లేబర్ పార్టీ అభ్యర్థి జాన్ బిగ్స్‌కు 33,487 ఓట్లు లభించాయి. రహ్మాన్ నాయకత్వంలోని ఆస్పైర్ పార్టీ 45 కౌన్సిలర్ స్థానాల్లో 24 గెలుచుకున్నది. 2018లో 42 స్థానాలు గెలిచిన లేబర్ పార్టీ 19కి పరిమితమైంది. కన్జర్వేటివ్, గ్రీన్ పార్టీలకు చెరొక స్థానం దక్కింది.

ఇటువంటి ఫలితం వచ్చినప్పుడల్లా రెండు తొందరపాటు వ్యాఖ్యలు వినిపిస్తాయి. మతం పేరిట ఓట్లు గంపగుత్తగా పడ్డాయని కొందరు ఈసడిస్తారు. కుట్రదారులకు ఇది చెంపపెట్టని మరికొందరు పండుగ చేసుకుంటారు. ఈ రెండింటిలో ఏదీ టవర్ హామ్లెట్స్ చరిత్రకు న్యాయం చేయదని మేము భావిస్తున్నాము. మైనారిటీగా జీవిస్తూ ఓటు ద్వారా హక్కులు సాధించుకోదలచిన ప్రతి సమాజానికీ ఈ బరో అనుభవంలో ధైర్యమూ ఉన్నది, హెచ్చరికా ఉన్నది.

ముందుగా ధైర్యం సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ బరోలో 34.5 శాతం ముస్లింలు. 32 శాతం ప్రజలు బంగ్లాదేశ్ మూలాలున్నవారు. వీరిలో అత్యధికుల పెద్దలు సిల్హెట్ ప్రాంతం నుంచి వచ్చి, కుట్టుపని కార్ఖానాల్లోనూ హోటళ్లలోనూ శ్రమించి కుటుంబాలను నిలబెట్టినవారు. 1978 మే 4న, సరిగ్గా స్థానిక ఎన్నికల పోలింగ్ రోజునే, పని ముగించుకుని ఇంటికి వెళుతున్న అల్తాబ్ అలీ అనే యువ కార్మికుణ్ణి వైట్‌చాపెల్‌లో జాతి విద్వేషంతో పొడిచి చంపారు. వేలాదిమంది ఆయన శవపేటిక వెంట మధ్య లండన్ దాకా నడిచారు. వైట్‌చాపెల్‌లోని ఒక పార్కు నేడు ఆయన పేరును మోస్తున్నది.

1993 సెప్టెంబరులో ఇదే బరోలోని మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో, వలస వచ్చినవారిని వెళ్లగొట్టాలనే బ్రిటిష్ నేషనల్ పార్టీ ఏడు ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. మరుసటి మే నెలలోనే ఓటర్లు ఆ పార్టీని ఓడించి పంపారు. జాబితాలో పేరు లేకపోతే, పోలింగ్ రోజున ఇంట్లో కూర్చుంటే దాని మూల్యం ఎంతో ఆ ఏడు ఓట్లు చెప్పాయి. అల్తాబ్ అలీ హత్య జరిగిన 44 ఏళ్లకు, అదే బరోలో ఆయనవంటి కుటుంబాల బిడ్డలు పాలనాధికారం చేపట్టడం చిన్న విషయం కాదు.

ఇక గంపగుత్త ఓటు అనే అపవాదు. 2010 అక్టోబరులో ఇక్కడ మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి మొదలైనప్పుడు, లేబర్ పార్టీ అభ్యర్థిత్వం నుంచి తొలగించడంతో రహ్మాన్ స్వతంత్రుడిగా నిలిచి 23,283 ఓట్లతో గెలిచారు. 11,254 ఓట్లతో ఓడిన లేబర్ అభ్యర్థి హెలాల్ అబ్బాస్ కూడా బంగ్లాదేశ్ మూలాలున్నవారే. అంటే ఆనాడు ప్రధాన పోటీ ఒకే సమాజానికి చెందిన ఇద్దరి మధ్య జరిగింది. ఈసారి కూడా ఓటర్ల ముందున్నవి బతుకు సమస్యలే. ఒక పక్క కానరీ వార్ఫ్‌లో అంతర్జాతీయ బ్యాంకుల ఆకాశహర్మ్యాలు. వాటి నీడలోనే కౌన్సిల్ ఇంటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కుటుంబాలు, లండన్‌లో మరే ప్రాంతానికీ తీసిపోని పిల్లల పేదరికం. కౌన్సిల్ ఇళ్లు, సెకండరీ విద్యార్థులకు కూడా ఉచిత భోజనం, పేద విద్యార్థులకు ఆర్థిక సహాయం, వాహనాలకు మూసివేసిన వీధులను తిరిగి తెరవడం వంటి హామీలతో ఆస్పైర్ ప్రజల ముందుకు వెళ్లింది. ఇవి ఏ ఒక్క మతంవారి కోరికలూ కావు.

హెచ్చరిక ఇక్కడి నుంచి మొదలవుతుంది. 2014 మేలో రహ్మాన్ రెండోసారి 3,252 ఓట్ల ఆధిక్యంతో గెలిచినప్పుడు నలుగురు ఓటర్లు ఆ ఎన్నికను న్యాయస్థానంలో సవాలు చేశారు. ఆ నలుగురిలో ఒకరు బంగ్లాదేశ్ మూలాలున్నవారే. 2015 ఏప్రిల్ 23న న్యాయమూర్తి రిచర్డ్ మారీ ఆ ఎన్నికను రద్దుచేశారు. పోస్టల్ ఓట్లలో అక్రమాలు, ఒకరి ఓటు మరొకరు వేయడం, ప్రత్యర్థిని జాతి విద్వేషిగా చిత్రించే అసత్య ప్రచారం, కౌన్సిల్ గ్రాంట్లను ఓట్ల కోసం పంచడం జరిగాయని నిర్ధారించారు. వీటికి రహ్మాన్ స్వయంగా గాని, తన ప్రతినిధుల ద్వారా గాని బాధ్యుడని తేల్చి, ఐదేళ్లపాటు పోటీకి అనర్హుణ్ణి చేశారు. రహ్మాన్ ఆరోపణలను తిరస్కరించారు. క్రిమినల్ కేసు పెట్టడానికి తగిన ఆధారాలు లేవని 2018లో పోలీసులు ప్రకటించారు కూడా. అయినా తీర్పు మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఆ తీర్పులో ఒక భాగం మాకు సమ్మతం కాదు. రహ్మాన్‌ను బలపరచవలసిందిగా 101 మంది ఇమాములు, ధార్మిక పెద్దలు ఒక బెంగాలీ వారపత్రికలో ప్రకటన ఇచ్చారు. దానిని ఓటర్లపై అనుచితమైన ఆధ్యాత్మిక ఒత్తిడిగా న్యాయమూర్తి పరిగణించారు. 19వ శతాబ్దపు ఐర్లండులో కేథలిక్ మతగురువులపై నడిచిన కేసులు ఇందుకు ఆధారమయ్యాయి. ముస్లిం ఓటరు మతపెద్ద మాటకు తలూపే అమాయకుడన్న భావన ఈ వాదనలో దాగి ఉన్నది. దానిని ఖండించవలసిందే. కాని ఈ ఒక్క అభ్యంతరాన్ని అడ్డుపెట్టుకుని, ఇతర నిర్ధారణలన్నింటినీ ఇస్లాం ద్వేషమని తోసిపుచ్చడం తగదు. దొంగ ఓటు ఎవరు వేసినా దొంగ ఓటే. అది ముందుగా దోచుకునేది నిజాయితీగా వరుసలో నిలబడిన పేద ముస్లిం ఓటునే.

దాని ఫలితం ఆ బరోతో ఆగలేదు. టవర్ హామ్లెట్స్ తీర్పు తరువాత ఎన్నికల అక్రమాలపై ప్రభుత్వం ఎరిక్ పికిల్స్ చేత విచారణ జరిపించింది. పోలింగ్ కేంద్రంలో ఓటరు గుర్తింపు చూపాలన్నది 2016 నాటి ఆ నివేదిక సిఫారసుల్లో ఒకటి. 2022 ఏప్రిల్ 28న ఆమోదముద్ర పొందిన ఎన్నికల చట్టం ఇంగ్లాండులో ఫోటో గుర్తింపును తప్పనిసరి చేసింది. మనకు ఓటరు కార్డు అలవాటే. కాని ప్రజలందరికీ జాతీయ గుర్తింపు కార్డు లేని బ్రిటన్‌లో, పాస్‌పోర్టు గాని డ్రైవింగ్ లైసెన్సు గాని లేని పేదలు, మైనారిటీలు ఓటుకు దూరమవుతారనే ఆందోళన సహేతుకమైనది. కొందరి అక్రమం అందరిపై ఆంక్షగా మారే తీరు ఇది.

మరొక లోటును కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆస్పైర్ తరఫున గెలిచిన 24 మందీ పురుషులే. యోగ్యులైన స్త్రీలు లేరనడానికి వీలులేదు. ఈ బరోకు పార్లమెంటులో ప్రాతినిధ్యం వహిస్తున్న రుషనారా అలీ, అప్సానా బేగం ఇద్దరూ బంగ్లాదేశ్ మూలాలున్న ముస్లిం మహిళలే. 2015లో రహ్మాన్ స్థానంలో పోటీచేసిన రబీనా ఖాన్‌కు 26,384 ఓట్లు వచ్చాయి. ఓటు వేయడానికి స్త్రీలు కావాలి గాని పాలనలో కూర్చోవడానికి అక్కరలేదన్నట్లు ప్రవర్తించే పార్టీ, అణగారినవారి ప్రతినిధినని ఎంతకాలం చెప్పుకోగలదు?

మన తెలుగు ప్రాంతాల్లో స్థానిక సంస్థల స్థానాల్లో సగం చట్టమే స్త్రీలకు కేటాయించింది. 2020 డిసెంబరు ఎన్నికల్లో హైదరాబాద్ మహానగర సంస్థలోని 150 డివిజన్లలో 44 గెలిచిన మజ్లిస్ సహా ప్రతి పార్టీ స్త్రీలను నిలపవలసి వచ్చింది అందుకే. అయితే కుర్చీలో స్త్రీ, పెత్తనం భర్తది అయిన చోట ఆ చట్టం ఆశయం నెరవేరినట్లు కాదు. మతం విషయంలోనూ మన చట్టం కఠినమైనదే. దైవాగ్రహం కలుగుతుందని ఓటరును భయపెట్టడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123వ సెక్షన్ అక్రమంగా పరిగణిస్తున్నది. ఓటరు మతం పేరిట ఓటు అడగడం కూడా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరులు ఈ నియమాన్ని బాహాటంగా ఉల్లంఘిస్తున్నారన్నది నిజమే. అయినా మైనారిటీకి రక్ష చట్టమే. తన రక్షను తానే తూట్లు పొడుచుకునే సమాజం ఎవరి ముందు న్యాయం అడగగలదు?

కనుక మా విన్నపం ఇది. ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరి పేరూ ఓటరు జాబితాలో ఉన్నదో లేదో చూడండి. ఓటు వేయవలసిన బాధ్యతను మస్జిద్ పెద్దలు తప్పక గుర్తుచేయాలి, ఎవరికి వేయాలో మాత్రం ఓటరు మనస్సాక్షికి విడిచిపెట్టాలి. మన ఓటుతో గెలిచినవారిని వార్డు నిధుల లెక్క అడగండి. మనవాడు కదా అని ఆ ప్రశ్న వాయిదా వేయకండి. పదవి అమానత్ అని నమ్మే సమాజానికి లెక్క అడగడం విశ్వాసంలో భాగమే.

లుత్ఫుర్ రహ్మాన్‌కు ప్రజలు రెండో అవకాశం ఇచ్చారు. గ్రాంటు పంపిణీలో మతం చూడకుండా, ప్రతి పౌండుకూ లెక్క చూపి, ఓటు వేయనివారిని కూడా సమానంగా ఆదరిస్తే ఈ గెలుపు బ్రిటన్ ముస్లింలందరికీ బలమవుతుంది. లేదంటే అల్తాబ్ అలీ తరం ప్రాణాలొడ్డి సంపాదించిన గౌరవం మరొకసారి న్యాయస్థానం బోనెక్కుతుంది. ఆయన పాలన మొదటి మార్గమే పట్టాలని మేము మనసారా కోరుకుంటున్నాము.