న్యూ మర్చిపోతే జావాస్క్రిప్ట్ చెప్పదు

మదీనాగూడ హాస్టళ్లలో ఉండి హైటెక్ సిటీ ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ పోస్టు. కన్‌స్ట్రక్టర్‌ని న్యూ లేకుండా మామూలు ఫంక్షన్‌లా పిలిస్తే ఏమవుతుందని అడిగితే "ఎర్రర్ వస్తుంది సార్" అని బట్టీ పట్టిన జవాబు చెప్పేస్తున్నారు. ఎర్రర్ వస్తే మంచిదే. చాలాసార్లు రాదు, ప్రమాదం అక్కడే ఉంది.

స్కాలర్‌షిప్ ఫారం తయారు చేస్తున్నారనుకోండి. పుట్టిన తేదీ 2004-06-15. న్యూ పెట్టి డేట్‌ని పిలిస్తే ఆ తేదీతో ఆబ్జెక్ట్ వస్తుంది. న్యూ లేకుండా పిలిస్తే మీరిచ్చిన తేదీని అది చూడనే చూడదు, ఇవాళ్టి తేదీ, టైము స్ట్రింగ్‌గా ఇచ్చేస్తుంది. ఎర్రర్ ఏమీ ఉండదు. పిల్లాడు ఇవాళే పుట్టినట్టు రికార్డవుతుంది. తర్వాత ఆధార్ జిరాక్స్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఎవరో మనకు తెలుసు.

"అన్నిటికీ న్యూ పెట్టేయ్, గొడవుండదు" అనే సీనియర్ల సలహా కూడా నాకు నచ్చదు. బూలియన్‌కి న్యూ పెట్టి ఫాల్స్ ఇవ్వండి. వచ్చేది ఆబ్జెక్ట్, ఇఫ్ లోపల ఏ ఆబ్జెక్ట్ అయినా ట్రూయే. అర్హత లేదన్నది ఉందైపోతుంది! నంబర్, స్ట్రింగ్, బూలియన్‌లను మార్పిడికి వాడేటప్పుడు న్యూ లేకుండానే పిలవాలి. అర్రేకి రెండూ ఒకటే. సింబల్‌కి న్యూ పెడితే ఎర్రర్.

మనం రాసుకునే పాత పద్ధతి కన్‌స్ట్రక్టర్లది ఇంకో కథ. న్యూ మర్చిపోతే దిస్ అంటే బ్రౌజర్‌లో విండో అయిపోతుంది. మొదటి విద్యార్థి పేరు అందులో పడుతుంది, రెండో పేరు వచ్చి దాన్ని చెరిపేస్తుంది. 2009లో వచ్చిన స్ట్రిక్ట్ మోడ్‌లో దిస్ అన్‌డిఫైన్డ్ అవుతుంది కాబట్టి అక్కడికక్కడే ఆగిపోతుంది. 2015లో వచ్చిన క్లాస్ అయితే న్యూ లేకుండా పిలవనివ్వదు, టైప్ఎర్రర్ ఇస్తుంది.

దీనికి పుస్తకాలు చెప్పే గుర్తు ఒకటుంది: కన్‌స్ట్రక్టర్ పేరు క్యాపిటల్ లెటర్‌తో మొదలుపెట్టాలి, అది చూస్తే న్యూ గుర్తొస్తుందని. తెలుగులో క్యాపిటల్ లెటర్లు ఎక్కడున్నాయి? గుంజాల గోండి లిపిలోనూ లేవు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లల కంటికి ఆ తేడా అంత తొందరగా ఆనదు. అది తెలివితక్కువ కాదు, అలవాటు లేకపోవడం. అందుకే నేర్పే అన్నలు, అక్కలు మొదట్నుంచీ క్లాస్‌తోనే నేర్పాలంటాను.

ల్యాప్‌టాప్ లేకపోతే రూమ్మేట్‌ది పది నిమిషాలు అడగండి. క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కి, కన్సోల్‌లో డేట్‌ని న్యూతో ఒకసారి, లేకుండా ఒకసారి మీ పుట్టినరోజు ఇచ్చి పిలిచి చూడండి.