నిలువు వీడియోకి అడ్డం బల్ల

భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం స్టూడియోల్లో మిక్సింగ్ చేసే కుర్రాళ్లకి ఇప్పుడు ఒక్క పెళ్లికి రెండు పనులు. టీవీలో చూసుకోడానికి అడ్డం వీడియో, ఫోన్లో పంచుకోడానికి నిలువు రీల్. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినా నిలువు వీడియో ఆగలేదు. జులైలో ఇన్‌స్టా రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల అమరిక మాత్రం చాలావరకు పాతదే.

పైన పక్కపక్కన రెండు కిటికీలు, కింద ఆ చివర నుంచి ఈ చివరిదాకా టైమ్‌లైన్. టేపుల రోజుల్లో ప్లేయర్‌కో టీవీ, రికార్డర్‌కో టీవీ పెట్టుకుని కూర్చున్న అలవాటది. 1366×768 లాప్‌టాప్‌లో టైమ్‌లైనూ మెనూలూ పోను ప్రివ్యూకి 380 పిక్సెళ్ల ఎత్తు దక్కిందనుకోండి, 9:16 నిలువు బొమ్మ వెడల్పు 214 దగ్గరే ఆగిపోతుంది. అటూ ఇటూ నల్లటి ఖాళీ. అదే ప్రివ్యూని కుడి అంచున పైనుంచి కిందికి నిలబెడితే 680 ఎత్తు వస్తుంది, వైశాల్యంలో బొమ్మ మూడింతలకు పైగా పెద్దదవుతుంది.

ఆ తేడా ఎంతో, ఇక్కడి కోయల కొమ్ము కోయ నృత్యాన్ని ఎడిట్ చేసేవాళ్లకి తెలుస్తుంది. తలమీద కొమ్ములు, మెడలో పెద్ద డోళ్లతో మగవాళ్లు, పక్కన చేతులు కలుపుకుని వరుసగా కదిలే ఆడవాళ్లు. నిలువు ఫ్రేమ్‌లో ముగ్గురు పడితే గొప్ప. ఎవరిని ఉంచాలో, ఎవరిని వదలాలో క్షణక్షణం తేల్చుకోవాలి. కొమ్ము కొస తెగిందో లేదో కూడా కనిపించని ప్రివ్యూతో అదెలా? ఫ్రేమ్‌ని వాటంతటవే జరిపే సదుపాయాలున్నాయి, కానీ ఆటలో ఎవరు ముఖ్యమో అవి ప్రతిసారీ పట్టుకోలేవు. ఆటకే కాదు, పాటకీ ఇదే చిక్కు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ వీరగాథల్ని డోలు వాయిస్తూ పాడారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అలాంటి గాయకుడిని చూపించాలంటే పాడే ముఖమూ, డోలు మీది చెయ్యీ రెండూ ఫ్రేమ్‌లో ఉండి తీరాలి. ఇది మనిషి కన్ను చేయాల్సిన పని, ఆ కంటికి కనపడేంత బొమ్మ ఇవ్వాలి.

ప్రీమియర్ ప్రోలో ‘వర్టికల్’ వర్క్‌స్పేస్ ఉంది, మంచిదే. కానీ అది అడిగితే వచ్చే అమరికగా కాక, 9:16 ప్రాజెక్ట్ తెరవగానే దానంతటదే రావాలి. ప్రివ్యూ మీద లైక్, షేర్ బటన్లు, పేరు పడే చోట్లు లేత గీతలతో కనిపించాలి. లేకపోతే కష్టపడి వేసిన అక్షరాలు వాటి కిందే దాక్కుంటాయి.

అక్షరాల సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి కొలిచిన టెంప్లేట్‌లో ‘భద్రాద్రి’ అని టైప్ చేసి చూడండి. కింది వత్తులు రంగు పట్టీ దాటి జారతాయి, రెండో వరుస గుడులకి తగులుతాయి. తెలుగువాళ్లకి అమ్మే సాఫ్ట్‌వేర్‌ని తెలుగు రాసి పరీక్షించమనడం అత్యాశ కాదు.

ప్యానెళ్లు జరపనిచ్చే సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లు ఈలోగా ఒక పని చేయండి. ప్రివ్యూని కుడి అంచుకి లాగండి, టైమ్‌లైన్‌ని ఎడమకి కుదించండి, ఆ అమరికకి ‘రీల్’ అని పేరు పెట్టి సేవ్ చేసుకోండి. పక్క స్టూడియో వాళ్లకీ చూపించండి.