చంపదు... చచ్చిపొమ్మంటుంది!

వైరల్ ఫీవర్ వస్తుంది, నాలుగు రోజుల్లో పోతుంది. పారాసిటమాల్ పనిచేసిందనుకుంటాం. అది ఒంటి వేడి తగ్గించిందంతే. అసలు పని లోపల జరిగింది. మన కణాలు బోలెడు చచ్చిపోయాయి. చంపించింది మన ఇమ్యూనిటీయే.

వైరస్ ఒకసారి కణంలోకి దూరిపోతే యాంటీబాడీలకు చిక్కదు. ఇక ఆ కణాన్నే లేపెయ్యాలి. ఆ డ్యూటీ కిల్లర్ టి-కణాలది. అయితే వాటికి ముందు ఆర్డర్ కావాలి. డెండ్రైటిక్ కణం వైరస్ ముక్కను లింఫ్ గ్రంథి దాకా మోసుకొచ్చి చూపిస్తుంది (గొంతు నొప్పికి దవడ కింద బిళ్ల కడుతుందే, అదే ఆ గ్రంథి). హెల్పర్ టి-కణం కూడా చూసి సరేనంటేనే కిల్లర్లు పూర్తి బలంతో బయల్దేరతాయి. హెచ్‌ఐవీ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ హెల్పర్లనే.

దొరికిన కణానికి కిల్లర్ అతుక్కుపోతుంది. పెర్ఫోరిన్‌తో చిల్లులు పెట్టి, గ్రాంజైమ్ లోపలికి పంపిస్తుంది. ఆ గ్రాంజైమ్ వెళ్లి కణంలో నిద్రపోతున్న కాస్పేస్ ఎంజైములను లేపుతుంది. కాస్పేసులు మన కణంలోవే, గమనించారా? అంటే కణం తనను తానే కూల్చుకుంటుంది! డీఎన్ఏ ముక్కలవుతుంది, కణం ముడుచుకుని చిన్న చిన్న మూటలైపోతుంది, మాక్రోఫేజ్‌లు వచ్చి మింగేస్తాయి. లోపలి సరుకు బయటికి చిమ్మదు కాబట్టి చుట్టుపక్కల వాపు తక్కువ. 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు దీనికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. ఆకు రాలడానికి వాడే గ్రీకు మాట అది.

మరి కిల్లర్ చంపలేకపోతే? కొందరు పిల్లలు పెర్ఫోరిన్ జన్యువులో లోపంతో పుడతారు. వాళ్లకు ఇమ్యూనిటీ తక్కువుంటుందనుకుంటాం కదా, జరిగేది ఉల్టా. కిల్లర్ అతుక్కుంటుంది, పని మాత్రం పూర్తికాదు, కాబట్టి వదలదు. ఇంకా సాయం పంపమని సైటోకైన్లు కుమ్మరిస్తూనే ఉంటుంది. మాక్రోఫేజ్‌లు రెచ్చిపోయి మన రక్తకణాలనే మింగడం మొదలెడతాయి. తగ్గని జ్వరం, ఉబ్బిన ప్లీహం, కాలేయం. హెచ్‌ఎల్‌హెచ్ అంటారు. ఈ జబ్బుకు పెర్ఫోరిన్ లోపం ఒక కారణమని 1999లో తేలింది. వైద్యం అందకపోతే ప్రాణం దక్కడం కష్టం. 'ఇమ్యూనిటీ బూస్టర్' అమ్మేవాళ్లకు ఈ జబ్బు గురించి ఎవరైనా చెప్తే బాగుండు.

దీనికి డాక్టర్లు స్టెరాయిడ్‌తో పాటు ఎటోపొసైడ్ ఇస్తారు. క్యాన్సర్ మందే. రెచ్చిపోయిన టి-కణాలను అది అపాప్టోసిస్‌లోకే నెడుతుంది. మంట కాస్త చల్లారాక, మ్యాచ్ అయ్యే దాత దొరికితే, ఎముక మజ్జ మార్పిడి చేస్తారు. అక్కణ్నుంచి పుట్టే కొత్త కిల్లర్ల దగ్గర పెర్ఫోరిన్ ఉంటుంది.